కొబ్బరి కొట్టు పిన్నిగారు

చదివింది సొంత నోటికి వర్తించదనుకునేవాళ్ళు నాలాగే ఇంకా ఉంటారు గనక ఇది రాసిపెడుతున్నాను.

రాజోలులో మా వీధి చివర కొబ్బరి కొట్టు నడిపే పిన్నిగారికి ఒక అలవాటు. ఎవరొచ్చినా కాయ కొట్టి ఒక ముక్క చేతిలో పెడతారు. అది కొరికాకే బేరం. ఆ రోజు నేను కొరికిన ముక్కకు రక్తం అంటింది.

"ఎన్నాళ్ళ నుంచండీ?" అని అడిగారు.

"ఏడాది అయ్యుంటుందండి. రక్తం వస్తోందని ఆ వైపు తోమడం మానేసేను."

చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో కొన్ని క్యాన్సర్లు కాస్త ఎక్కువగా కనిపిస్తున్నాయనీ, అదే కారణమని ఇంకా తేలలేదనీ లైబ్రరీలో చదివిన సంగతి కూడా గర్వంగా చెప్పాను.

"తేలేదాకా ఇలాగే కూర్చుంటారేంటండీ?" అంటూ ఆవిడ కొట్టు మూసి, నాతోపాటే అమలాపురం బస్సెక్కారు.

పళ్ళ డాక్టరు చిగుళ్ళు శుభ్రం చేస్తూ, వెనక దంతం పక్కన మానని పుండు చూశారు. పరీక్షకు పంపితే క్యాన్సరే అని తేలింది. మొదట్లోనే దొరికింది కాబట్టి కోసి తీసేశారు. ఇప్పుడు బాగున్నాను.

డాక్టరు సుధగారికి, చిగుళ్ళ గురించిన పుస్తకం వెతికిచ్చిన లైబ్రరీ సత్యంగారికి, నెల రోజులు జావ కాచి పోసిన మా ఆవిడ వెంకటలక్ష్మికి కృతజ్ఞతలు. పిన్నిగారి పేరు కూడా రాస్తానన్నాను.

"వద్దండి బాబూ. మా కొబ్బరి కొరికితే రక్తమొస్తుందని జనం రావడం మానేస్తారు" అన్నారు.