పిన్నికి దొరికిన మంచం

మా పిన్ని తోళ్ళ గోదాంలో పని చేస్తుంది. లారీలోంచి దిగిన పచ్చి తోళ్ళను భుజాన వేసుకుని లోపలికి మోయాలి, పరచాలి, ఉప్పు పట్టించి దొంతులు పేర్చాలి. అక్కడ అందరూ ఆవిడను గడియారం అంటారు. ఒళ్ళు కాలిపోతున్నా తలుపు తీసే వేళకు గుమ్మంలో ఉంటుంది మరి. ఇంటికొస్తే వంట, బట్టలు, మంచం దిగలేని అత్తగారు. బాబాయి మంచివాడే. కూర్చున్న చోటు నుంచి కదలకుండా మంచినీళ్ళు అడిగేంత మంచివాడు.

తోలు ఆనే చోటే, మెడ పక్కన, చీమ కుట్టినట్టు చిన్న పొక్కు లేచింది. దురదంటూ గోకింది. అది నీటిపొక్కై, చితికి, నడిమధ్య బొగ్గులా నల్లబడింది. చుట్టూ వాపు. చూసి లబోదిబోమన్నాను.

“ఆస్పత్రికి పద పిన్నీ.”

“నొప్పి లేనిదానికి ఆస్పత్రేంటే? కావాలంటే నొక్కి చూడు.”

నొక్కను పొమ్మన్నాను. మర్నాడు ఆవిడ తోళ్ళను రెండో భుజానికి మార్చుకుని మళ్ళీ పనిలోకి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండింది. చివరికి వాపు గొంతు దాకా పాకి, మెతుకు మింగుడు పడక, చలిజ్వరంతో వణుకుతుంటే ఆటోలో వేసుకుని తీసుకెళ్ళాను.

డాక్టరు పుండు చూసి ముందు ఏం పని చేస్తారని అడిగాడు. పరీక్షకు పంపించి, అక్కడే చేర్చుకుని, ఫలితం వచ్చాక నన్ను పక్కకు పిలిచాడు.

“ఇది ఆంత్రాక్స్ అమ్మా. జబ్బుతో చచ్చిన పశువు తోలు నుంచి అంటుకుంటుంది. నొప్పి పెట్టదు, అదే దీంతో వచ్చిన చిక్కు. ఇంకా ఆలస్యమైతే రక్తంలోకి పాకేది. అప్పుడు మా చేతుల్లో ఉండేది కాదు.”

సెలైన్ సీసా వంక చూస్తూ పిన్ని మంచం పక్కనే కూర్చుండిపోయాను. మందు పనిచేసింది. జ్వరం దిగింది, వాపు తీసింది. ఇక పిన్ని పడుకుంది. అలా ఇలా కాదు. నర్సు లేపి కంచం చేతికిస్తే తినడం, మళ్ళీ గోడవైపు తిరగడం. ఆ జబ్బు పుణ్యమా అని ఆవిడకు పగటినిద్ర దొరికింది.

“ఎవరో తెచ్చిపెడితే తినడం ఇలా ఉంటుందన్నమాట,” అంది ఓసారి, తనలో తనే. నాకు ఏడుపొచ్చింది.

బాబాయి వచ్చాడు. పాపం, సగమైపోయాడు.

“అమ్మకి అన్నం పెట్టి, గిన్నెలు తోమేసరికి నడుం విరిగిపోతోందమ్మా. గోదాం కూడా మందు కొట్టి మళ్ళీ తెరిచారట. మీ పిన్ని ఎప్పుడొస్తుంది?”

పిన్ని కళ్ళు మూసుకునే ఉంది. రెప్పలు మాత్రం కదిలాయి.

మర్నాడు పొద్దున డాక్టరు మెడ పరీక్షించి సంతోషించాడు. “బాగా తగ్గిందమ్మా. ఈ నల్ల పెచ్చు దానంతటదే ఊడిపోతుంది. రేపు ఇంటికెళ్ళిపోవచ్చు, మాత్రలు మాత్రం మానకండి.”

పిన్ని మొహంలో నెత్తురుచుక్క లేదు. చెయ్యి మెడ మీదికి వెళ్ళింది.

“నొప్పిగా ఉంది డాక్టరుగారూ.”

ఆయన నావైపు చూశాడు. నాకు అబద్ధాలాడడం చేతకాదు, మొహమే పట్టిచ్చేస్తుంది.

“రాత్రంతా మూలుగుతూనే ఉందండీ,” అన్నాను.

డాక్టరు తీసిన పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. “సరే, ఇంకో రెండ్రోజులు ఉంచి చూద్దాం,” అన్నాడు. ఆయన పక్క మంచం దగ్గరికి చేరేలోపే పిన్ని నిద్రపోయింది.