లచ్చవ్వ తాగని నీళ్లు

1963 మే నెల. కరీంనగర్ జిల్లాలో సాంచాలు నడిచే ఒక చిన్న ఊళ్లో, సర్కారు దవాఖానాలో నేను నర్సుగా చేరి రెండేళ్లవుతోంది. నాలుగు మంచాలు, ఒక డాక్టరు గారు, ఒక కంపౌండరు, నేను. ఊళ్లో సగం ఇళ్లు నేతవాళ్లవి. ఇళ్లలో చేత్తో నేసే గుంటమగ్గాలు ఒక్కొక్కటే మూలపడుతూ, కరెంటుతో నడిచే మగ్గాలు వస్తున్న కాలం. వాటినే అక్కడ సాంచాలంటారు. పొద్దున ఎనిమిదింటికి మొదలైన వాటి చప్పుడు సాయంత్రం ఆరింటిదాకా ఆగేది కాదు. దాని మధ్యనే డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి, కళ్లు మూసుకుని గుండె చప్పుడు వినేవారు.

నర్సంటే సూదులు వేసే మనిషి అనుకుంటారు చాలామంది. నిజానికి మా పనిలో ఎక్కువ భాగం చెప్పడమే. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ఏది తినాలి, ఏది మానాలి. చెప్పిన మాట ఇంటికి వెళ్లాక ఏమవుతుందో మాత్రం మాకు కనబడదు. నాకది కనబడేలా చేసిన మనిషి లచ్చవ్వ.

ఆమెకు ఇరవై నాలుగేళ్లుంటాయి. పెళ్లయిన ఏడేళ్లకు మొదటిసారి నెల తప్పింది. అప్పుడు అయిదో నెల. అత్త బాలవ్వ వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. ఇద్దరూ రాజలింగం సేటు కార్ఖానాలో కండెలు చుట్టే పని చేసేవాళ్లు. సాంచాకు పెట్టే నూలు కండెలు చుట్టేది ఆడవాళ్లే. లచ్చవ్వకు చలిజ్వరం, నడుము నొప్పి, మూత్రంలో మంట. డాక్టరు గారు చూసి సిస్టైటిస్ అన్నారు, అంటే మూత్రాశయం వాచడం. అది పైకి పాకి మూత్రపిండాలకు అంటుకుంటే జ్వరం తీవ్రమై కడుపు నిలవకపోవచ్చు. ఆ మాట ఆయన నన్ను పక్కకు పిలిచి చెప్పారు.

ఆ రోజుల్లో ఈ జబ్బుకు మా దగ్గరున్నవి సల్ఫా మాత్రలు. వాటితో ఒక పేచీ ఉంది. నీళ్లు చాలినన్ని తాగకపోతే ఆ మందే మూత్రపిండాల్లో సన్నటి పలుకుల్లా పేరుకుని కొత్త జబ్బు తెస్తుంది. అందుకని మాత్రలు పొట్లం కట్టి ఇస్తూ, "నీళ్లు బాగ తాగాలె లచ్చవ్వా" అన్నాను.

"బాగ అంటే ఎన్ని సిస్టరమ్మా?"

"ఎన్నని ఏముంటది, మస్తుగ తాగు."

"గట్లంటే నాకు తెల్వది. నేను దినమంత కండెలు లెక్కవెట్టి చుట్టేదాన్ని. నువ్వు లెక్క చెప్తే గా లెక్క తాగుత."

నాకు నవ్వొచ్చింది కానీ అడిగినదాంట్లో తప్పులేదు. ట్రైనింగులో మాకు ఔన్సుల్లో నేర్పారు. వాళ్లింట్లో ఔన్సులెక్కడివి? "మీ ఇంట్ల నీళ్లు దేంతోని తాగుతరు?" అని అడిగితే బాలవ్వ తన వెంట తెచ్చుకున్న ఇత్తడి చెంబు చూపించింది. కంపౌండరు దగ్గర మందులు కొలిచే గాజు గ్లాసు తెచ్చి, ఆ చెంబు నిండా ఎన్ని ఔన్సులు పడతాయో అక్కడే కొలిచాను. ఇరవై నాలుగు. ఎండాకాలం, జ్వరం, కడుపులో బిడ్డ, పైగా సల్ఫా. డాక్టరు గారిని అడిగి రోజుకు నాలుగు చెంబులని ఖాయం చేశాను. లచ్చవ్వ నాలుగు వేళ్లు చూపించి, తల ఊపి, వెళ్లిపోయింది. మంచి పని చేశానని నాకు ఆ పూటంతా సంతోషంగా ఉంది.

పది రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి జ్వరం నూటమూడు. నడవలేక అత్త భుజం మీద వాలిపోయి వచ్చింది. మూత్రం పరీక్ష గొట్టంలో పోసి చూస్తే పాలు పోయని చాయ్‌లా ఉంది.

"నీళ్లు తాగినవా?"

"తాగిన సిస్టరమ్మా. నాలుగు చెంబులు. ఒట్టు."

డాక్టరు గారు గొట్టం వెలుతురుకు పట్టి చూసి, "ఈమె తాగలేదు" అన్నారు. సల్ఫా ఆపేసి మంచం మీద పడుకోబెట్టమన్నారు. ఇన్‌టేక్ ఔట్‌పుట్ చార్టు పెట్టాం. రోగి లోపలికి ఎన్ని నీళ్లు వెళ్లాయి, బయటికి ఎంత వచ్చింది అని గంట గంటకూ రాసే కాగితం అది. రెండు గంటలకోసారి నేనే దగ్గర నిలబడి తాగించాను. మూడు రోజుల్లో జ్వరం దిగింది, మూత్రం తేటపడింది. మళ్లీ సల్ఫా మొదలుపెట్టినా ఇబ్బంది రాలేదు. నీళ్ల లెక్క ఈసారి డాక్టరు గారు చీటీ మీద రాసిచ్చారు. దవాఖానాలో ఇంత బాగా తాగే మనిషి ఇంటి దగ్గర ఎందుకు తాగలేదు? నాకు కోపం వచ్చింది.

"లచ్చవ్వా, నాతోని అబద్ధం చెప్పినవు కదా!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సమాధానం బాలవ్వ చెప్పింది.

"అబద్ధం కాదు బిడ్డా. నాలుగు చెంబులు తాగింది, నా కండ్ల ముంగట్నే తాగింది. కార్ఖాన కెంచి ఇంటికొచ్చినంక, పొద్దుగూకినంక, నాలుగు చెంబులు ఒక్కటే సుట్టు తాగింది. కడుపుబ్బి అన్నం గూడ తినలే పాపం."

"మరి పగటిపూట?"

"పగటీలి చుక్క ముట్టది. నేను ముట్ట. కార్ఖానల ఆడోళ్లెవ్వరు ముట్టరు."

"ఎందుకు?"

బాలవ్వ నా మొహం వంక వింతగా చూసింది. "తాగితే ఒంటికి ఏడికి పోవాలె?"

వివరంగా అడిగి తెలుసుకున్నాను. కార్ఖానాలో పదిహేడు మంది ఆడవాళ్లు. మగవాళ్లు గోడవారకు వెళ్లి వచ్చేవాళ్లు. వెనక తుమ్మచెట్లున్నన్నాళ్లు ఆడవాళ్లకూ మరుగుండేదట. అవి కొట్టేసి ఇళ్లు కట్టారు. అప్పటినుంచి పొద్దున ఏడింటికి గుక్కెడు నీళ్లు తాగి వస్తే, మళ్లీ ఇల్లు చేరేదాకా అంతే. వాళ్ల ఇళ్లు ఊరికి ఆ కొసన. వెళ్లి రావడానికి అరగంట. ఆ అరగంటలో కండెలు అందకపోతే సాంచా దగ్గర కేకలు.

నాకు సిగ్గేసింది, అది వాళ్ల గురించి తెలియనందుకు కాదు. తెలిసి కూడా తట్టనందుకు. పల్లెలకు టీకాలు వేయడానికి జీపులో వెళ్లే రోజుల్లో నేనూ పొద్దున్నుంచి నీళ్లు ముట్టేదాన్ని కాదు. ఎవరైనా చెంబు అందిస్తే "దూప లేదు" అనేదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం బాలవ్వను వెంటబెట్టుకుని కార్ఖానాకు వెళ్లాను. రాజలింగం సేటు మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలని చెప్పగానే మాత్రం అటూ ఇటూ చూశాడు.

"సిస్టరమ్మా, మీరు పెద్ద చదువు చదివిండ్రు, నేను కాదంటలే. గని నా తాన జాగ ఏది? మా అవ్వ ముప్పై ఏండ్లు కండెలు చుట్టింది. ఎన్నడన్న అడిగిందా గిసొంటిది?"

బాలవ్వ కొంగు నడుముకు చుట్టుకుంది. "మీ అవ్వ ఇంట్ల చుట్టింది సేటూ. ఇంటెనుక దొడ్డి ఉండె. నీ కార్ఖానెనుక మాకేమున్నది? గోడ ఉన్నది."

సేటు నవ్వాడు. కానీ "చూద్దాం తీయ్" అన్నాడు. ఆ మాటంటే చేయననేనని మా ఇద్దరికీ తెలుసు.

తిరిగొస్తుంటే బాలవ్వ దారిలో ఆగింది. "సిస్టరమ్మా, నీళ్లు తాగుమని మా కోడలికి చీటీ రాసిచ్చిండ్రు కదా. నాకు గూడ మంటనే. నాకు రాయరా?"

"రేపు రా" అన్నాను.

మర్నాడు సాయంత్రం ఆమె ఒక్కతే రాలేదు. పదిహేడు మందీ వచ్చారు. వరండా నిండిపోయింది. ఒకరినొకరు తోసుకుంటూ, కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ, మూత్రం పట్టిన గాజు సీసాలతో వరుసలో నిలబడ్డారు. డాక్టరు గారు మొదట విసుక్కున్నారు. సీసాల్లోవి పరీక్ష గొట్టాల్లో పోసి, చెక్క స్టాండులో వరుసగా పెట్టి చూపించాను. లచ్చవ్వది తప్ప ఒక్కటీ తేటగా లేదు. ఆయన ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశారు. తర్వాత కలం తీసి ఒక్కొక్కరికీ చీటీ రాశారు. "రోజుకు నాలుగు చెంబుల నీళ్లు, అందులో రెండు పగటిపూట. ప్రతి రెండు గంటలకు మూత్ర విసర్జన తప్పనిసరి." కింద సంతకం, దవాఖానా ముద్ర.

మరుసటి రోజు పదకొండు గంటలకు నేను ఒక పిల్లకు కట్టు కడుతున్నాను. ఏదో తేడాగా అనిపించింది. డాక్టరు గారు స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి, "ఏమిటి, నాకు చెవుడొచ్చిందా?" అన్నారు. సాంచాల చప్పుడు ఆగిపోయింది.

జరిగిందేమిటంటే, ఇంకా పనిలో చేరని లచ్చవ్వ తప్ప మిగతా పదహారు మందీ పొద్దున ఒక్కో చెంబు నీళ్లు తాగారు. రెండు గంటలు గడవగానే చీటీలు చేతపట్టుకుని ఒకరి వెనక ఒకరు ఇళ్లకు బయలుదేరారు. గొడవ లేదు, కేకలు లేవు. "డాక్టరు సాబు రాసిచ్చిండు సేటూ, పోయొస్తం" అని చెప్పి మరీ వెళ్లారట. వెళ్లినవాళ్లు వస్తుంటే ఉన్నవాళ్లు వెళ్తున్నారు. కండెలు అయిపోయాయి. ఒక్కొక్క సాంచా ఆగుతూ ఆగుతూ అన్నీ ఆగిపోయాయి.

పన్నెండు కాకముందే సేటు దవాఖానాకు వచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"సిస్టరమ్మా, ఏం మందు ఇచ్చినవు మా ఆడోళ్లకు?"

"నీళ్లు" అన్నాను.

కంపౌండరు లోపలికెళ్లి నవ్వుకున్నాడు. సేటు కాసేపు నన్నూ, డాక్టరు గారినీ చూసి, తనూ నవ్వలేక నవ్వాడు. "నన్ను పరేషాన్ చేసిండ్రు గదనమ్మా అందరు కలిసి. సరే, జాగ చూపిస్త. సాంచాలైతే నడువనియ్యుండ్రి."

రెండు రోజుల్లో కార్ఖానా పెరట్లో, నూలు బేళ్లు పెట్టుకునే మూల ఖాళీ అయింది. ముందు తడకలు కట్టారు. దసరా నాటికి గోడలు లేచాయి, కింద షాబాద్ బండలు పరిచారు, పక్కన ఒక గోలెం నిండా నీళ్లు. తడకలు కట్టిన రోజు ఆడవాళ్లు బాలవ్వ చేత కొబ్బరికాయ కొట్టించారు. నన్నూ పిలిచారు. దేనికి కొబ్బరికాయ కొట్టామో చెప్పుకోవడానికి సిగ్గుపడుతూ, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. సేటు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగాడు. "నాకు గూడ ఎండలకు మంట లేస్తది సిస్టరమ్మా. నేనెన్ని చెంబులు తాగాలె?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు నాకు కొన్ని వారాల తర్వాత దొరికింది. చెప్పింది లచ్చవ్వే. మళ్లీ పనిలో చేరిన వారానికి వచ్చి, నాలుగు చెంబుల లెక్క అందరికీ కుదరడం లేదంది. సాంచాల దగ్గర ఉక్కలో కూర్చునేవాళ్లకు నాలుగు చాలడం లేదు. వానపడ్డ రోజు మూడే ఎక్కువవుతున్నాయి. ఒకామె నాలుగూ బలవంతంగా తాగి వాంతి చేసుకుంది.

"అందుకే మేం లెక్క ఇడిసిపెట్టినం సిస్టరమ్మా. రంగు చూస్తున్నం. దూపైనప్పుడు తాగుడు, ఒంటికి పోయినప్పుడు చూసుడు. తంగేడు పువ్వు తీరుగ పచ్చగుంటే ఇంకో చెంబు తాగాలె. నిమ్మరసం కలిపిన నీళ్ల తీరుగుంటే సాలు. రంగులద్దిన నూలు చూసే కండ్లే కదా మాయి, గింత తెల్వదా?"

డాక్టరు గారికి చెబితే, "పుస్తకంలో పేజీన్నర రాశారు దీన్ని" అని నవ్వారు. జ్వరం ఉన్నవాళ్లకూ, సల్ఫా వాడేవాళ్లకూ చెంబుల లెక్క అలాగే ఉంచాం. కాళ్లు వాచేవాళ్లకూ, గుండె జబ్బువాళ్లకూ ఆయనే విడిగా చెప్పేవారు. మిగతా అందరికీ లచ్చవ్వ లెక్కే. సేటుకూ అదే చెప్పాను. తంగేడు పువ్వు మాట విని ఆయన మొహం ఎర్రబడింది కానీ, చెప్పినట్టే చేశాడు.

సెప్టెంబరులో లచ్చవ్వకు మా దవాఖానాలోనే కాన్పయింది. మధ్యాహ్నం రెండింటికి ఆడపిల్ల. ఆరు పౌన్ల బరువు. కళ్లు తెరవకముందే గుక్కపట్టి ఏడిస్తే వరండా చివరిదాకా వినిపించింది. బిడ్డను తుడిచి బాలవ్వ చేతుల్లో పెట్టానో లేదో, ఆమె చీర తడిసిపోయింది. బాలవ్వ బిడ్డను ఎత్తిపట్టుకుని, "మా తల్లే! నువ్వు మాలెక్క ఆపుకోవద్దు బిడ్డా, ఎన్నడు ఆపుకోవద్దు" అంది. మంచం మీదున్న లచ్చవ్వ నొప్పులు మరిచి నవ్వింది. నేను నవ్వుతూనే మొహం తిప్పుకున్నాను, కళ్లు తుడుచుకోవడానికి.

1966లో నన్ను ఆదిలాబాద్ జిల్లాలో ఒక దవాఖానాకు బదిలీ చేశారు. మొదటి రోజు అక్కడి పెద్ద నర్సు నన్ను అంతా తిప్పి చూపించింది. మందుల గది, కాన్పుల గది, వరండాలో రోగుల కోసం పెట్టిన తాగునీళ్ల కుండలు. నేను ఆడవాళ్ల మరుగుదొడ్డి చూపించమన్నాను. వెనక ఉంది. తలుపుకు తాళం. "ఊరోళ్లంత పాడుచేస్తున్నరని ఏసినం. సాఫ్ ఉంటది" అంది ఆమె. వరండాలో కూర్చున్న ఆడవాళ్ల వంక చూశాను. ఎండలో ఆరేడు మైళ్లు నడిచి వచ్చినవాళ్లు. కుండల నిండా చల్లటి నీళ్లున్నాయి, పైన గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ఒక్క గ్లాసూ తడిసి లేదు.

ముందు ఆ తాళం తీయించాను. తర్వాత లోపలికి వెళ్లి డ్యూటీ రిజిస్టరులో సంతకం పెట్టాను.