టీవీ మీద తువ్వాలు

మా అమ్మాయికి కుప్పం దగ్గర బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ సంతోషం మొదట చెప్పుకోవాల్సింది మదనపల్లెలో ఉండే మా అయ్యవారికే. మైసూరుపాకు పొట్లం పట్టుకుని, పుంగనూరు బస్టాండులో ఎదురైన వాళ్లందరికీ చెప్పుకుంటూ బస్సు కోసం నిలబడి ఉన్నాను. అంతలో ఆయన అల్లుడు ఫోను చేసి, తెల్లవారుతూనే మామ పోయారని చెప్పాడు.

ఆయన పుంగనూరు బడిలో మా అమ్మాయికి సైన్సు చెప్పిన అయ్యవారు. నేను ఐదో తరగతితో ఆగి టమాటా పండించుకున్నవాణ్ణి. రాయడం అంతగా రాదు. అయినా ఆయన గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

అమ్మాయి పదో తరగతిలో సైన్సు తప్పింది. మళ్లీ తప్పితే చదువు మానిపిద్దామని ఇంట్లో అందరూ అనేశారు. అయ్యవారు మాత్రం తప్పిన పిల్లలను సాయంత్రాలు బడికి రమ్మన్నారు. బడికి ఎవరో ఇచ్చిన టీవీ, సీడీ ప్లేయరు ఉండేవి. అందులో పాఠాలు బొమ్మలుగా కదిలేవి. పిల్లలు సినిమా చూసినట్టు చూసి, అడిగితే "అర్థమైంది సార్" అనేవాళ్లు.

"అర్థమైందనేది ఆవులింత మాదిరి, ఒకరు అంటే అందరూ అంటారు" అనేవారు ఆయన. పాఠం నడుస్తుండగానే భుజం మీది తువ్వాలు తీసి టీవీ మీద కప్పేసేవారు. "ఇప్పుడు సెప్పు, ఏం సూస్తివి?" పిల్లలు ఆయనకు 'తువ్వాలయ్యవారు' అని పేరు పెట్టారు.

ఒక సాయంత్రం టమాటా కోతకు మనుషులు చాలక అమ్మాయిని పిలుచుకుపోదామని వెళ్లాను. ఆయన నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు.

"నువ్వూ సూడప్పా, ఊరికే పోయేదేముండాది."

తెరమీద గుండె కొట్టుకుంటోంది, ఎర్రగా నీలంగా రక్తం పారుతోంది. ఎంత బాగుందో! నోరు తెరిచి చూస్తున్నాను. తువ్వాలు పడింది.

"ఏం సూస్తివప్పా?"

"గుండెకాయ కొట్టుకుంటాండాది సార్."

"కొట్టుకోకపోతే నువ్వు ఈడ ఎట్ల కూసుంటావు? ఆ నీలంది యాడికి పోతాండాది?"

పిల్లలంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన రిమోటు తీసి మా అమ్మాయి చేతిలో పెట్టారు. "మీ నాయనకు తెలీలేదు. నీకు యాడ తెలీలేదో ఆడ నువ్వే నిలుపు. నేను నిలపను."

అమ్మాయి సిగ్గుపడుతూ నిలిపింది. కొంచెం పోనిచ్చి మళ్లీ నిలిపింది. "దీనితో సావొచ్చెరా, సాగనీదు" అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

"పోయే బస్సును సూసి సెయ్యూపితే ఊరు సేరతామా? నిలిస్తేనే కదప్పా ఎక్కేది!" అన్నారు ఆయన.

ఈసారి తువ్వాలు కప్పగానే నా బిడ్డ లేచి నిలబడి, ఆ నీలం రక్తం ఊపిరితిత్తులకు పోయి ఎర్రగా మారి ఎట్లా తిరిగి వస్తుందో గడగడా చెప్పింది. ఆ రోజు టమాటాలు చెట్టుమీదే పండిపోయాయి, పోనీ! అంత సంతోషం నాకు ఏ పంటలోనూ రాలేదు. ఆ తడవ అమ్మాయి గట్టెక్కింది. ఆ తర్వాత ఏ పాఠమైనా తనకు తానే నిలుపుకుని చదివింది.

అయ్యవారు రిటైరై మదనపల్లె చేరాక పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. మేం చూడబోయినప్పుడు ఆయన కుర్చీ ఎదురుగా టీవీ మోగుతోంది. పొద్దుపోతుందని ఇంట్లోవాళ్లు పొద్దస్తమానం పెట్టి ఉంచేవాళ్లు. రిమోటు ఆయనకు అందని గూట్లో ఉంది. ఎంతమందికో నిలపడం నేర్పిన మనిషి, దేన్నీ నిలపలేక చూస్తూ కూర్చున్నారు. మా అమ్మాయి ఆయన భుజం మీది తువ్వాలు తీసి టీవీ మీద కప్పి, కాళ్ల దగ్గర కూర్చుంది. "సార్, ఏం సూస్తినో నేను సెప్తా." ఆయన కళ్లు మూసుకున్నారు. కంటి కొసల నుంచి నీళ్లు కారాయి.

ఇప్పుడు అమ్మాయి చేరిన బడిలో గది నిండా కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో నడిచే పాఠాన్ని నిలిపితే పెద్దసారు వచ్చి, "నిలుపుకుంటా కూసుంటే సీడీ యాడ అయితాదమ్మా?" అంటున్నారట.

"పిల్లోళ్లూ నిలపమనరు నాయనా. అందరూ అర్థమైందంటారు" అంది ఫోనులో.

"నువ్వు నిలుపు తల్లీ."

"నేనొక్కదాన్నే ఎన్ని దినాలని నిలిపేది నాయనా?"

దానికి జవాబు తెలిసిన మనిషి పోయారు.

కర్మలనాడు మదనపల్లె వెళ్లాను. ఖాళీ కుర్చీ ఎదురుగా టీవీ మీద ఆ తువ్వాలు అట్లే ఉంది. "మీ పాప వచ్చిపోయినప్పటి నుంచి ఆయన తువ్వాలు వైపే సూసేవాడప్పా. నేనే తీసి టీవీ మీద కప్పేదాన్ని" అంది ఆయన ఇల్లాలు. స్విచ్చి తీయడం ఎవరూ తలవలేదేమో, పల్చటి నేతలోంచి టీవీ ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఏం సూస్తివని అడిగేవాళ్లు లేక, అందరం దాన్ని చూస్తూ కూర్చున్నాం.