క్యాంషాఫ్టు కాగితంలో ఆఖరి వాక్యం

మా ఆయన చేయి ఎలా విరిగిందని అడిగితే, మా క్రైస్తవ సంఘంలో ఎవరైనా ఒకే మాట చెబుతారు. మోటారు సైకిలును వేగంగా పరిగెత్తించాలని ఆశపడ్డాడు, యంత్రాన్ని తప్పుగా బిగించాడు, పడ్డాడు అని. గుడిలో అందరి ముందూ నిలబడి ఆయనే అలా చెప్పుకున్నాడు కాబట్టి వాళ్ళనేమీ అనలేం. ఆయన అలా చెబుతున్నప్పుడు నేను ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని ఉన్నాను. ఆయన తప్పు లేదని అప్పటికే నాకు తెలుసు.

అప్పట్లో మేము ఆలూరుకు ఏడెనిమిది మైళ్ళ దూరంలో ఒక పల్లెలో కాపురముండేవాళ్ళం. మిషను వాళ్ళ చిన్న ఆసుపత్రిలో ఆయన కాంపౌండరు, ఆ పక్కనే ఉన్న బడిలో నేను టీచరును. వారానికి ఒకసారి వచ్చి చూసిపోయే దొర డాక్టరు ఇంగ్లండు సీమకు వెళ్ళిపోతూ తన మోటారు సైకిలును ఆసుపత్రికి వదిలిపెట్టాడు. అప్పటికే అది పాతబడిన బండి. ఒకటే సిలిండరు, నల్లటి పెట్రోలు ట్యాంకు, దడదడమని చప్పుడు. మా ఆయన దాని మీద మందుల పెట్టె కట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళి సూదులు వేసి వచ్చేవాడు.

ఆయన చేతులకు ఏ యంత్రమైనా లొంగేది. గోడ గడియారం ఆగినా, కుట్టుమిషను పట్టేసినా, గుడిలో హార్మనీ పెట్టె గాలి వదిలినా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఇంగ్లీషు మాత్రం మందు సీసాల మీద పేర్లు చదివేంత వరకే. నేను కడపలో బోర్డింగు బడిలో ఉండి చదువుకున్నాను. ఇంట్లో ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా, "టీచరమ్మా, ఇది కొంచెం సదువు" అని నా చేతికిచ్చి ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చునేవాడు. నేను చదివి చెబుతుంటే ఆయన ముఖంలో ఒక గౌరవం కనిపించేది. పెళ్ళైన ఇన్నేళ్ళలో నాకు అంత ఇష్టమైనది ఇంకొకటి లేదు. అదే నా చేత ఆ తప్పు చేయించింది.

యుద్ధం రావడానికి మూడు నాలుగేళ్ళ ముందు, క్రిస్మసుకు మా తమ్ముడు వచ్చాడు. వాడు మద్రాసులో దొరల బండ్లు బాగుచేసే ఒక షెడ్డులో పనిచేసేవాడు. వస్తూ నూనె కాగితంలో చుట్టిన ఇనుప ముక్క ఒకటి తెచ్చాడు. జానెడు కన్నా చిన్నది, ఒక చివర పళ్ళ చక్రం, మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో రెండు బుడిపెలు.

"ఏందప్పా ఇది?" అన్నాడు మా ఆయన, దాన్ని వెలుతురులో తిప్పి చూస్తూ.

"క్యాంషాఫ్టు బావా. పందేల బండ్లకు ఏసేది. ఇంజనులోకి గాలి పోయే మూతలుంటాయే, వాల్వులు, వాటిని తెరిచి మూసేది ఇదే గదా. నీ బండిలో ఉండేదానికన్నా ఇది వాల్వులను ఇంకా ఎక్కువ తెరుస్తాది, శానా సేపు తెరిచి పెడతాది. గాలి బాగా పోతాది, బండి గుర్రం మాదిరి దుంకుతాది. ఒక దొర తెప్పించుకోని, తీసుకోకుండానే బదిలీ అయి పోయినాడు. మా యజమాని నాకిచ్చినాడు. నీ బండికి సరిపోయే రకమే."

"బిగించేది ఎట్లా?"

"దాంతోపాటే కాయితం ఉండాది. అంతా రాసినారు దాంట్లో. అక్క సదివి చెబుతాది లే."

వాడు ఆ మధ్యాహ్నమే కడపకు, మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మర్నాడు బడికి సెలవు. ఆయన బండిని వసారాలోకి ఎక్కించి, బండల మీద గోనెపట్టా పరిచాడు. దుమ్ము పడకుండా రెండు వైపులా నా పాత చీరలు కట్టాడు. నేను పీట వేసుకుని కాగితం పట్టుకుని కూర్చున్నాను. రెండు వైపులా అచ్చువేసిన చిన్న కాగితం. ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెబుతుంటే ఆయన ఒక్కొక్క పని చేస్తున్నాడు. ఇంజను కుడిపక్క మూత విప్పాడు. ప్లగ్గు ఊడదీసి, పిస్టను పైకంటా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఆ రంధ్రంలో నా ఉన్ని అల్లే సూదిని నిలబెట్టాడు. వెనక చక్రం తిప్పుతూ, సూది పైకి వచ్చి ఆగిన చోట ఆపాడు. పాత క్యాం ఊడదీసి, కొత్తదాని పళ్ళ మీద ఉన్న చుక్కను కింది చక్రం మీద ఉన్న చుక్కకు ఎదురుగా తెచ్చి కూర్చోబెట్టాడు.

"సుక్కకు సుక్క సరిగ్గా వచ్చిందా, నువ్వు గూడా సూడు," అన్నాడు. వంగి చూశాను. సరిగ్గా ఉంది. ఆ రెండు చుక్కలూ నా కళ్ళతో చూశాను. ఇది ముఖ్యం, అందుకే చెబుతున్నాను.

కాగితం వెనకవైపు అడుగున, సన్న అక్షరాలతో ఆఖరి వాక్యం ఒకటి మిగిలింది. ఇంజను నడిపే ముందు ఏదో సరిచూసుకోవాలని ఉంది. ఏమిటన్నది తెలియడానికి నాకు రెండు మాటలు అడ్డుపడ్డాయి. ఒకటి క్లియరెన్సు, రెండోది క్రౌన్. క్రౌన్ అంటే కిరీటమని బైబిలు చదివిన ఎవరికైనా తెలుసు. సర్కారును కూడా ఆ మాటతో అంటారని బడిలో చెప్పారు. ఇక క్లియరెన్సు అంటే మద్రాసు రేవులో సీమ సరుకు విడిపించుకోవడమని ఎక్కడో విన్నాను. రెండూ కలిపి, ఇది సుంకం కట్టే సంగతేమోలే అనుకున్నాను. ఇంజను నడిపే ముందు సుంకమేమిటి అన్న అనుమానం కూడా వచ్చింది. రాలేదని ఎలా అనను? బాగానే వచ్చింది.

చేతులకు నూనె కారుతుండగా ఆయన నా వైపు తలెత్తి చూశాడు. "ఇంకేమన్నా ఉండాదా?"

నాకు అర్థం కాలేదు అని చెప్పడానికి నోరు రాలేదు.

"అంతే. ఇంకేం లేదు," అన్నాను. కాగితం మడిచాను.

బండి మొదటి తన్నుకే మేలుకుంది. చప్పుడు మారిపోయింది. మెల్లగా పోతే తడబడేది, వంక దాటేటప్పుడు ఇసకలో ఆగిపోయేది. రోడ్డెక్కి హ్యాండిలు పిడి మెలిపెడితే మాత్రం నిజంగానే దూకేది. "టీచరమ్మ సదివి బిగిస్తే ఇట్లుంటాది," అని ఊళ్ళో వాళ్ళకు చెప్పుకుని మురిసిపోయాడు. పది పన్నెండు రోజులు అలా గడిచాయి.

ఆ తర్వాతి బుధవారం ఆదోని దారిలో, పల్లంలోకి పోయే తిన్నని రోడ్డు మీద, ముందు బండ్లేవీ లేవని పిడి మొత్తం తిప్పాడట. ఇంజను ఫటేలుమని పట్టేసింది. వెనక చక్రం తిరగడం మానేసింది. కంకర మీద పడేసరికి కుడి చేయి ఒంటి కింద చిక్కి మణికట్టు దగ్గర విరిగింది. జొన్న బస్తాలు తోలుకుపోతున్న బండివాళ్ళు ఎత్తుకొచ్చి మా ఇంటి ముందు దించారు. మందుల పెట్టెలో ఒక్క సీసా మిగల్లేదు. అవతలి ఊళ్ళో సూదుల కోసం ఎండలో కూర్చున్నవాళ్ళు సాయంత్రం దాకా చూసి వెళ్ళిపోయారట.

కర్నూలు ఆసుపత్రిలో కట్టు కట్టారు. మూడు వారాలు అక్కడే ఉన్నాం. ఆసుపత్రి పుస్తకాల గదిలో పెద్ద డిక్షనరీ ఉండేది. నాలుగో రోజో అయిదో రోజో ధైర్యం చేసి క్రౌన్ అన్న మాట తీశాను. కిరీటం. సర్కారు. ఆ కింద, ఒక వస్తువు నెత్తి, పైభాగం. క్లియరెన్సు తీశాను. రెండు వస్తువుల మధ్య ఉండే సందు. కాగితంలోని ఆ ఆఖరి వాక్యం ఇప్పుడు తనంతట తానే అర్థమైంది. వాల్వులు తెరుచుకునేది కిందికి, పిస్టను వైపు; కొత్త క్యాం వాటిని మరీ కిందికి దించుతుంది, పిస్టను నెత్తికి వాటికి మధ్య సందు చాలినంత ఉందో లేదో చూడాలి, చాలకపోతే నెత్తిన గాట్లు పెట్టాలి. మెల్లగా పోయినన్నాళ్ళూ తగల్లేదు. వేగం పెరిగేసరికి వాల్వు పిస్టనుకు తగిలి విరిగి ఇంజను పట్టేసింది.

డిక్షనరీ మూసి వెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. చెప్పాలనే కూర్చున్నాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"నేనే చక్రం ఒక పన్ను తప్పు పెట్టింటా మే. సుక్కలు సరిగ్గానే ఉండాయనుకుంటిని. బిగించేటప్పుడు యాడో జరిగింటాది. నా చేతులు మోసం చేసినాయి."

"ఊరుకోండి, అవన్నీ ఇప్పుడెందుకు," అన్నాను. ఆయన దాన్ని ఓదార్పు అనుకున్నాడు.

చేయి కొంచెం వంకరగా అతుక్కుంది, అయినా పనికి అడ్డం లేదని డాక్టరే చెప్పాడు. ఊరికి వచ్చిన తర్వాత, ప్రభుబల్ల అని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం, ఆయన మగవాళ్ళ వరుసలోంచి లేచి నిలబడ్డాడు. "మిషను బండిని నేను పాడు చేసినా. ఏగం మీద ఆశ పడినా. ఈ చేతులకు అన్నీ వస్తాయని గర్వపడినా. నన్ను మన్నించండి," అన్నాడు. పెద్దల్లో ఒకాయన, "గర్వం మంచిది గాదప్పా," అని అందరి ముందే మందలించాడు. నా పక్కనున్న ముసలామె నా వీపు నిమిరింది. పాపం దాచుకుని తినకూడదని తెలిసీ, రొట్టె నా దగ్గరికి వచ్చినప్పుడు తీసుకున్నాను. ఆ రొట్టె గొంతు దిగడం ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు నుంచి ఆయన ఏ యంత్రాన్నీ ముట్టలేదు. గడియారం తెస్తే ఆలూరుకు తీసుకుపొమ్మనేవాడు. అది నేను భరించగలిగాను. సూదులు వేయడం కూడా మానేశాడు. పైవాళ్ళను బతిమాలుకుని మందులు కలిపే పని, పేర్లు రాసే పని పెట్టించుకున్నాడు. "మనిషి ఒళ్ళు గదా. ఈ చేతులను నమ్మలేను," అనేవాడు. బండిని పాత ఇనుముకు ఇచ్చేశారు.

యుద్ధం ముగిసే నాటికి అలా చాలా ఏళ్ళు గడిచాయి. ఆ క్రిస్మసు తర్వాత ఇటువైపు రాని మా తమ్ముడు అప్పుడు మళ్ళీ వచ్చాడు. అన్నం తింటూ బండి సంగతి ఎత్తాడు.

"పిస్టను నెత్తిన గాట్లు పెట్టినావా బావా?"

"ఏం గాట్లు?"

"కాయితంలో ఉండాదే!"

మా ఆయన నవ్వాడు. "కాయితంలో ఉన్నింటే మీ అక్క సదవకుండా ఉంటాదా? నేనే తప్పు బిగించినాలే."

తమ్ముడు నా ముఖం చూశాడు. వాడికి తెలిసిపోయింది. మజ్జిగ పోయించుకున్నాడు. నేను పోశాను. అప్పుడు కూడా చెప్పలేదు.

వాడు బస్సెక్కి వెళ్ళిన రెండో రోజు పొద్దున, ఆయన ముఖం కడుక్కుంటుంటే పెట్టె అడుగున దాచిన కాగితం తీసుకొచ్చి చెప్పేశాను. ఆ వాక్యం, ఆ రెండు మాటలు, డిక్షనరీ, అన్నీ. ఆయన తువాలుతో తుడుచుకోవడం ఆపలేదు. అంతా విని, "సదువు," అన్నాడు. ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను.

"అయితే నేను బిగించింది సరిగ్గానే ఉండాది."

"సరిగ్గానే ఉంది. చుక్కలు నేను కూడా చూశాను."

తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపులో గౌరవం లేదు. "చెయ్యి ఇరిగింది పోనీ. తెలీదు అని ఒక్క మాట చెప్పింటే సాలు గదా మే. సరే, అప్పుడు చెప్పలేదు, దానికైనా ఒప్పుకుంటా. ఆసుపత్రిలో నేను నా చేతులను తిట్టుకుంటాంటే పక్కనే కూర్చోని విన్నావే! ఎన్నేండ్లు విన్నావు?"

సంఘంలో లేచి చెబుతానన్నాను. "అది నీ ఇష్టం. నన్ను అడగొద్దు," అని ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. వారం రోజులు పెట్టింది తిన్నాడు, కంచం తనే కడుక్కున్నాడు. ఆ తర్వాత ఇంగ్లీషు కాగితం వస్తే బడి హెడ్మాస్టరు దగ్గరికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు.

ఆ ఎండాకాలం పల్లెల్లో కలరా వచ్చింది. సూదులు వేసేవాళ్ళు చాలక పిలిస్తే, ఆయన లేచి వెళ్ళాడు. బడి వరండాలో జనం బారులు తీరారు. నేను పేర్లు రాస్తున్నాను. వంకర మణికట్టుతోనే ఆయన చేయి ఎక్కడా తొణకలేదు. పిల్లలకు తెలిసేలోపే సూది వేసి తీసేస్తున్నాడు. ఒక తల్లి, "ఇంత బాగా ఏస్తావు, ఇన్నాళ్ళు యాడ పోయినావు సామీ?" అంది. ఆయన దూది తడిపి ఇంకో చేయి అందుకున్నాడు. నేను పేర్ల పుస్తకం మీద తల వంచుకుని తర్వాతి పేరు అడిగాను.

సంఘంలో మాత్రం నేను ఇంతవరకు లేచి నిలబడలేదు. ఆయనను మందలించిన పెద్దాయన పోయాడు. ప్రతి ప్రభుబల్లకూ ఈసారి చెప్పాలని వెళతాను.