మిల్లీమీటర్ల పిల్‌గు

తక్ పిల్‌గు ఈ లోకంలో ఏ కష్టాన్నయినా కిడ్నీలో రాయిని చూసినట్టే చూసేవాడు. ఎవరు గోడు వెళ్ళబోసుకున్నా ముందు సైజు తేల్చేవాడు, తర్వాత వైద్యం చెప్పేవాడు. మాసాన్ ఊరి చేపల బజారు వెనక సందులో ఆయన చేత కొలిపించుకోని బాధ లేదంటే నమ్మండి.

"నా కోడలు నాతో మాట్లాడటం మానేసింది నాయనా!" అని ఎండుచేపల ముసలమ్మ మొత్తుకుంటే, "ఎన్నాళ్ళయింది? వారమేగా? మూడు మిల్లీమీటర్లు. నీళ్ళు బాగా తాగు, అటూ ఇటూ తిరుగు, దానంతటదే పోతుంది" అన్నాడు. నూడుల్స్ కొట్టు నడిపే చో మీద స్థలం యజమాని దావా వేసినప్పుడు మాత్రం గడ్డం గోక్కున్నాడు. "పన్నెండు. ఇది నీళ్ళకి లొంగే రకం కాదు. పగలగొట్టాల్సిందే."

"యజమానినా?" అన్నాడు చో ఆశగా.

"కష్టాన్నయ్యా బాబూ! లాయర్ దగ్గరికి పో. ఆరు దాటిందాన్ని ఒంటరిగా మొయ్యకూడదు."

ఆయన ఏళ్ళ తరబడి సిటీ బస్సు నడిపాడు. నీళ్ళు తాగితే దారిలో దిగాల్సొస్తుందని గొంతు తడుపుకోవడమే మానేసిన ఘనుడు. కిడ్నీ ఊరుకుంటుందా? రిటైరయ్యేనాటికి రాయి చేతిలో పెట్టింది. ఆ రాయి పోయింది గానీ కొలతల పిచ్చి మిగిలింది.

సందు మొదట్లో బట్టలు సరిచేసే కొట్టు నడిపే యోన్ సుక్హీకి ఈ పిచ్చంటే ఒళ్ళుమంట. రోజూ పొద్దున్నే తలుపు సందులోంచి ఆయన తల దూరేది.

"ఏమ్మా, ఇవాళ ఎంత?"

"సున్నా, డ్రైవరు గారూ. తలుపేసి వెళ్ళండి, చలి."

సున్నా అంటే వెళ్ళిపోయేవాడు. ఆ తర్వాత సుక్హీతో మాట్లాడేవాళ్ళంతా జిప్పుల గురించీ, ప్యాంటు పొడుగుల గురించీ మాట్లాడేవాళ్ళే. రాత్రి అన్నం, కిమ్చీ పచ్చడి ముందు పెట్టుకుని రేడియో పెట్టేది. వినడానికి కాదు, గదిలో ఇంకో గొంతు ఉండాలని. అమ్మ పోయాక ఆమెకి నా అన్నవాళ్ళు లేరు. ఎవరైనా అడిగితే, "నాకిదే హాయి" అనేది. అది పచ్చి అబద్ధం. ఏడుపొచ్చేంత ఒంటరిగా ఉండేది.

ఆమెకీ నీళ్ళు తాగే అలవాటు లేదు. మరుగుదొడ్డి బజారుకి ఆ చివర ఉండటమే కారణం. ఒకనాడు ఎడమ డొక్కలో పోటు మొదలై, కుట్టుమిషన్ మీదే వాలిపోయింది. ఆసుపత్రిలో స్కాన్ తీశారు. డాక్టరు గడగడా ఏదో చెప్పి, తర్వాతి పేషెంటుని పిలిచాడు. ఆ మాటల వడగళ్ళ వానలో ఆమె ఏరుకున్నవి మూడే ముక్కలు: రాయి కొలత, కిడ్నీ వాచిందని, ఆపరేషన్‌కి సొంతమనిషిని తోడు తెచ్చుకోవాలని.

మర్నాడు పొద్దున్నే పిల్‌గు తల దూరింది.

"ఏమ్మా, ఇవాళ ఎంత?"

"తొమ్మిది."

పిల్‌గు నోరు తెరిచాడు. "మాటవరసకి తొమ్మిదా, నిజం తొమ్మిదా?"

ఆమె ఫోనులో స్కాన్ బొమ్మ చూపించి ఏడ్చేసింది. "కిడ్నీ వాచిందట, ఇక పోయినట్టే డ్రైవరు గారూ!"

"ఎవడన్నాడు? పోలేదు, వాచిందంతే." కళ్ళజోడు సర్దుకుని బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఈ తెల్లచుక్క రాయి. కిడ్నీ నుంచి కిందికి దిగే గొట్టంలో ఇరుక్కుంది. ఇరుకు వంతెన మీద బస్సు ఆగిపోతే వెనక బళ్ళన్నీ నిలిచిపోవూ? మూత్రమూ అంతే. దిగే దారి లేక కిడ్నీ ఉబ్బింది. బస్సుని లాగేస్తే దారి తెరుచుకుంటుంది. నాలుగయితే నీళ్ళు తాగి ఎదురుచూడమనేవాళ్ళు. తొమ్మిది, అందులోనూ వాపు. సన్న గొట్టం పంపి, లేజర్‌తో రాయిని పొడి పొడి చేసి తీస్తారు. మత్తులో ఉంటావు, నొప్పి తెలీదు. భయపడకు. జ్వరం, వణుకు వస్తే మాత్రం క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తు."

సుక్హీ కళ్ళు తుడుచుకుంది. డాక్టరు చెప్పిందీ ఇదే కాబోలు.

"తోడెవరొస్తున్నారు?"

"మా చెల్లెలు. ఉల్సాన్ నుంచి."

ఆమెకి చెల్లెలే లేదు. పిల్‌గు ఆమె మొహంలోకి చూసి, జన్మలో మొదటిసారి ఏ సైజూ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఆపరేషన్ నాడు నర్సు అడగనే అడిగింది. "తోడెవరమ్మా?"

"దారిలో ఉంది."

"వస్తేగానీ మత్తివ్వరు. రాకపోతే ఇంకో రోజుకి మార్చాల్సిందే."

సుక్హీ డొక్క పట్టుకుని, రాని చెల్లెలి కోసం తలుపుకేసి చూస్తూ కూర్చుంది. ఇంకో రోజు మాత్రం ఎవరొస్తారు? ఆ పోటుతోనే తిరిగి ఇంటికి పోవాలా?

అంతలో గుమ్మడికాయ జావ డబ్బా, ఇంట్లో తొడుక్కునే చెప్పులు పట్టుకుని పిల్‌గు ఊడిపడ్డాడు.

నర్సు నడుం మీద చెయ్యి వేసుకుంది. "మళ్ళీ వచ్చారూ! మొన్న వెల్డింగాయనకి బావగారు, అంతకుముందు పడవాయనకి మేనమామ. మీ వంశానికి అంతే లేదా తాతగారూ?"

"మా పూర్వీకులు తీరిక లేకుండా కష్టపడ్డారమ్మా."

సుక్హీ తెల్లబోయింది. నర్సు ఆమె వైపు వంగి గొంతు తగ్గించింది. "ఈయనకే రాయి వచ్చినప్పుడు తోడెవరూ లేక వెనక్కి పంపేశారు. నొప్పితో ఒక్కడే బస్సెక్కి వెళ్ళాడు పాపం. అప్పట్నుంచి సందులో ఎవరికి ఏ నొప్పొచ్చిందో అని గుమ్మం గుమ్మం తొంగిచూస్తుంటాడట."

రోజూ తన మొహం మీదే తలుపేయించుకుని వెళ్ళిన మనిషిని సుక్హీ కొత్తగా చూసింది.

"సరే, ఈవిడకి ఏమవుతారు?" అంది నర్సు.

ఎన్ని చుట్టరికాలైనా చిటికెలో అల్లే పిల్‌గు నీళ్ళు నమిలాడు. ఒంటరి ఆడమనిషి, నోరు జారితే సందంతా చెవులు కొరుక్కుంటుంది.

"మా అన్నయ్య" అంది సుక్హీ.

"ఈయన తక్, మీరు యోన్. ఒక్క కడుపున పుట్టి రెండు ఇంటిపేర్లెలా వచ్చాయమ్మా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. ముందు ఈ రాయి తీయించండి. ఇంటికెళ్ళాక మా అన్నయ్యని నేనే నిలదీస్తాను."