ఆ చేతుల్ని చూసి నవ్వుతారా?

ఈ పొద్దున మన దీవిలోని హోప్ టౌన్ రేవు నుంచి వస్తుంటే ఫెర్రీలో నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరు ముసలి మేస్త్రీలు చిటికెనవేళ్ళు కలుపుకుని నిలబడ్డారు. మన తెలుగు టూరిస్టే ఒకడు ఫోనులో వీడియో తీస్తూ, "జోడీ చూడండ్రా!" అని ఇకిలించాడు.

మన బతు బస్తీ పేటలో పెరిగిన నేస్తాలూ, మన నాన్నలు అలాగే నడిచేవారు కదా? మా నాన్న, రాంచీ నుంచి వచ్చిన పక్కింటి బాబాయి చేపల బజారు నుంచి వస్తుంటే ఒక చేతిలో నీళ్ళు కారే సంచి, రెండో చేతిలో స్నేహితుడి చెయ్యి ఉండేవి. ఆ చేతులు సున్నం వాసన, చేపల వాసన వేసేవి. ఎవరైనా నవ్వితే మా నాయనమ్మ చీపురు తిరగేసేది.

ఫెర్రీ జెట్టీకి ఆనింది. పడవ ఒకటే ఊగుతోంది. ముందు దిగినవాళ్ళు వెనకవాళ్ళకి, ఎవరైనా సరే, చెయ్యి అందించడం మన ఆనవాయితీ కదా. ఒక మేస్త్రీ దిగి చెయ్యి చాపాడు. ఆ టూరిస్టు భయంతో దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇప్పుడు తియ్ భయ్యా వీడియో!" అని అరిచాను.

మేస్త్రీ నావైపు చూశాడు. "జానే దో దీదీ, పోనీండి. ముందు ఈ బాబుని దిగనీండి."