మావయ్య ఆరో ప్రవాసం

గుడివాడలో డిగ్రీ చదువుకునే ఆ రోజుల్లో నా జ్ఞాపకశక్తి మీద నాకెంత నమ్మకమో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. క్రైస్తవ సంఘ చరిత్ర క్విజ్ ఏటా బందరులో జరిగేది, షీల్డు ఏటా బందరు వాళ్లే ఎగరేసుకుపోయేవారు. ఈసారి దాన్ని మన చర్చికి తెస్తానని పాస్టరు అయ్యగారికి మాటిచ్చేశాను. తీరా పుస్తకం తెరిస్తే అన్నీ నోరు తిరగని పేర్లే. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. ఒక్కో పేరుకీ మాకు తెలిసిన మనిషిని జోడించడం. స్తంభం మీదే ముప్ఫై ఏళ్లకు పైగా గడిపిన సిమియోను అంటే కరెంటు లైన్‌మన్ బాబాయి. బిషప్పులంతా కూడి వాదించుకున్న నైసియా మహాసభ అంటే మా చర్చి కమిటీ మీటింగు (కాకపోతే నైసియాలో చివరికి ఏదో ఒకటి తేలింది). పట్టిన పట్టు విడవక ఐదుసార్లు ప్రవాసానికి పోయిన అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ అంటే ఇంకెవరు, మా అమ్మ తమ్ముడు, మా మావయ్య. అత్తయ్య ఆయన్ని అప్పటికి సరిగ్గా ఐదుసార్లు ఇంట్లోంచి వెళ్లగొట్టింది. వెళ్లగొట్టినప్పుడల్లా సంచీలో రెండు చొక్కాలు పెట్టుకుని మా ఇంటి అరుగు మీదకి వచ్చేవాడు.

క్విజ్ రోజు నాకు చప్పట్లు కొట్టడానికి అత్తయ్యా మావయ్యా కూడా బయల్దేరారు. పొద్దున్న బస్టాండుకి వెళ్లేసరికి మావయ్య చేతిలో ఆ సంచీ ఉంది. "మళ్లీ ఏమైంది మావయ్యా?" అన్నాను.

"మీ అత్తయ్య పట్టుచీర ఇస్త్రీ చేశానమ్మా. కాస్త కాలింది. సాయంత్రం గడప తొక్కొద్దంది."

అత్తయ్య పాత నేతచీర కట్టుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడింది.

చివరి ప్రశ్న దాకా మా జట్టూ బందరు జట్టూ సమానంగా వచ్చాయి. "అతనాసియస్ ఎన్నిసార్లు ప్రవాసానికి వెళ్లారు?" అని అడిగారు క్విజ్ మాస్టారు. నా పంట పండిందనుకున్నాను. కళ్లు మూసుకుని, మైకు నోటి దగ్గరే ఉందన్న సంగతి మర్చిపోయి, వేళ్లు మడవడం మొదలుపెట్టాను. "చీరల పక్కన ఉప్పుచేపలు ఆరేసినందుకు ఒకటి. ప్రసంగంలో గురక పెట్టినందుకు రెండు. అత్తయ్య తమ్ముణ్ణి సోమరిపోతన్నందుకు మూడు. కోడిపెట్టని చెప్పకుండా కోసినందుకు నాలుగు. అది పక్కింటి వాళ్లదని తేలినందుకు ఐదు. పట్టుచీర ఆరు." తలెత్తి గట్టిగా "ఆరు" అన్నాను.

"ఐదమ్మా," అన్నారాయన.

"కాదండీ, ఇవాళ పొద్దున్న కూడా..." అని వాదించబోయాను. హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. షీల్డు మళ్లీ బందరులోనే ఉండిపోయింది.

తిరుగు బస్సులో అత్తయ్య నా పక్కనే కూర్చుంది. నాకు షీల్డు పోయిన ఏడుపు ఒకవైపు, ఇంటి గుట్టు మైకులో చదివినందుకు ఈవిడ ఏమంటుందోనన్న భయం ఒకవైపు. పెడన దాటాక మెల్లగా అడిగింది. "ఆ బిషప్పు గార్ని వెళ్లగొట్టిన ప్రతిసారీ మళ్లీ రానిచ్చారా?"

"రానిచ్చారత్తయ్యా. ఐదుసార్లూ."

ముందు సీట్లో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మావయ్య వీపు వంక కాసేపు చూసింది. "అయితే ఇంటికి రమ్మను. ఇస్త్రీపెట్టె మాత్రం ముట్టుకోవద్దని చెప్పు."

మావయ్య ఉన్నన్నాళ్లూ ఏడోది జరగలేదు. ఇప్పుడు సండే స్కూల్లో ఆ పాఠం నేనే చెబుతున్నాను. పిల్లల చేత ఐదనే రాయిస్తాను కానీ, ఐదు వేళ్లూ మడిచాక రెండో చేతి బొటనవేలు దానంతటదే ముడుచుకుంటుంది. మైకు ముందు కళ్లు మూసుకుని నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తుంది. అంత ధీమాగా తప్పు చెప్పడం ఇప్పుడు నాకు చేతకాదు.